అంబాసిడర్ పుల్లీ బోల్టు

దిండి,
16-6-2025

కొండబాబుకి, మీ బావ ముత్యాలరాజు ఎవరి చేతా రాయించకుండా సొంత చేత్తో రాసుకున్న ఉత్తరం.

ఇక్కడ మేం ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ పెళ్లాం దుర్గాశ్రీ, మీ రొయ్యల చెరువులూ బాగుంటే సరే. మీ అక్క దగ్గర ఫోనుంది కదా, ఈ బావ ఉత్తరం రాయడమేంటి అనుకుంటావు. లాంచీ ఇంజను పక్కన బతికి బతికి నా చెవులు రెండూ పోయేయి. ఫోను చెవిలో పెడితే ఈగ తిరిగినట్టుంటుంది. ఇంజను సంగతులు ఆడదాని నోట చెప్పించడం నాకు నచ్చదు. అందుకని కూడబలుక్కుని రాస్తున్నాను.

బండి ఆగిపోయింది. ముందు పక్క పుల్లీ వెనకాల సీలు పోయి ఇంజనాయిలంతా నేల పాలవుతోంది. పోసింది పోసినట్టు కారిపోతే ఏం నడుపుతాను? రేడియేటరు నేనే దింపేను. ఫ్యాను తీసేను. బెల్టు తీసేను. పుల్లీ మధ్యన బోల్టు దగ్గర పని ఆగింది. అది రాకపోతే పుల్లీ రాదు, పుల్లీ రాకపోతే సీలు రాదు. పానా వేసి ఎంత లాగినా కదలడం లేదు.

ఇదివరకైతే బండి నెల్లాళ్లు పడున్నా నేను ఖాతరు చెయ్యను. ఇప్పుడు అలా కాదు. సోమవారం, గురువారం మీ అక్కని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం కడిగించాలి. దాని ఎడం చేతిలో నరం కలిపి కుట్టేరు కదా, ఆ చెయ్యికి ఏదీ తగలకూడదన్నారు. మన బండిలో వెనక సీటంతా దానిదే. ఇప్పుడు షేరాటోలో వెళ్తోంది. పక్కింటి వీరాయమ్మని తోడిచ్చి పంపుతున్నాను. నేను ఆటో ఎక్కను. గోదావరి మీద లాంచీ నడిపిన సరంగుని, వంతెన కట్టేక సొంత కారు నడిపినవాణ్ణి. ముందు సీట్లో డ్రైవరు చంకలో ఇరుక్కుని కూర్చోమంటే నా వల్ల కాదు.

సెంటర్లో చంటిగాడు మెకానిక్ షెడ్డు పెట్టేడు. 'చూస్తానండి పెదబాబుగారూ' అని రెండు సార్లు వచ్చేడు. పొమ్మన్నాను. వాడి బాబు నా లాంచీ మీద మసిగుడ్డ పట్టుకుని తిరిగినవాడు. నా బండి వాడు ముట్టుకుంటే ఊరంతా ఏమంటుంది?

నువ్వంటే వేరు. నీకు మీసం రాకముందు నీ చేతిలో పానా పెట్టింది నేను. నాకు తెలియక అడగడం లేదు. అంబాసిడరు ఇంజను లోపలి పని నేనెప్పుడూ చెయ్యలేదు, నువ్వు చేసేవు, అంతే. బోల్టు ఎలా వస్తుందో రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

మీ బావ,
ముత్యాలరాజు

◆

కావలి,
25-6-2025

గౌరవనీయులైన బావగారికి, మీ బావమరిది కొండబాబు నమస్కారాలు.

మీ చేతిరాత చూసి ఎన్నాళ్లయ్యిందండి! కవరు మీద నా పేరు చూసి దుర్గాశ్రీ భయపడింది, ఏం కబురో అని. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. చెరువుల్లో రొయ్యలకి గాలి కొట్టే చక్రాల మోటార్లు రోజుకొకటి కాలుతున్నాయి. నిద్ర లేదు. అందుకే జవాబు ఆలస్యమయ్యింది, ఏమీ అనుకోకండి.

బోల్టు సంగతి చెబుతాను. దాని కింద రేకు వాషరు ఉంటుందండి. ఆ రేకు చెవులు బోల్టు మీదకి మడిచి ఉంటాయి. ముందు ఉలితో ఆ చెవులు వెనక్కి విప్పాలి. లేకపోతే ఎంత లాగినా రాదు. తర్వాత కిరసనాయిలు, డీజిలు కలిపి చుట్టూ పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్న పానా మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు విడుస్తుంది. బండి టాపు గేరులో పెట్టి, ఒక మనిషిని బ్రేకు తొక్కి కూర్చోమనండి, ఇంజను తిరిగిపోకుండా. పానాకి పొడుగాటి ఇనపగొట్టం తొడిగి అప్పుడు లాగండి.

ఒక్క మాట. బండికి ఎదురుగా నిలబడి ఎడం పక్కకి తిప్పాలండి. మన లాంచీ ఇంజనుకి ఎదురు మర ఉండేది, కుడికి తిప్పితే ఊడేది. ఇది అలా కాదు. మామూలు మరే. చెయ్యి అలవాటు మీద కుడికి పోతుంది, చూసుకోండి.

బోల్టు వచ్చేక పుల్లీని గునపాలతో ఎగదొయ్యకండి, అంచు విరుగుతుంది. దానికి పుల్లరని సామాను ఉంది.

ఇక అక్క సంగతి. బావగారూ, షేరాటోలో ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకుంటుందండి? బోల్టు వచ్చేదాకా వారానికి రెండు సార్లు కారు మాట్లాడతాను, ఆ ఖర్చు నాది. అదీ వద్దంటే చంటి చేత చేయించండి. అదీ వద్దంటే ఓ నెల్లాళ్లు అక్కని నా దగ్గరికి పంపండి. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే డయాలసిస్సు చేసే ఆసుపత్రి ఉంది. మీరు తప్పుగా అనుకోరనే ధైర్యంతో రాసేను.

అక్కకి మా ఇద్దరి నమస్కారాలు. మీరు ఎండలో పని చెయ్యకండి.

ఇట్లు మీ వాడు,
కొండబాబు

◆

దిండి,
5-7-2025

ఒరేయ్ కొండబాబూ,

నీ ఉత్తరం చదివేను. తాతకి దగ్గులు నేర్పేవాణ్ణి సామెతలో విన్నాను, ఇప్పుడు కంటితో చూసేను. ఏది కుడో ఏది ఎడమో నాకు నువ్వు చెబుతావా? వరద గోదాట్లో, చీకట్లో, వందమంది జనాన్ని ఎక్కించుకుని అవతల గట్టుకి లాంచీని తగిలించినవాణ్ణి. అప్పుడు నువ్వు వెనకాల కూర్చుని వాంతి చేసుకునేవాడివి.

రేకు వాషరు మాట నిజమే. దాని చెవులు విప్పేను. డీజిలు పోసేను. సుత్తితో కొట్టేను. పంపుసెట్టు గొట్టం ఒకటి కోసి పానాకి తొడిగేను. మనిషిని బ్రేకు తొక్కమని కూర్చోపెట్టేను. తిప్పవలసిన పక్కకే తిప్పేను. గొట్టం విల్లులా వంగింది గానీ బోల్టు అంగుళం కదల్లేదు. పైగా ముందు కన్నా గట్టిపడినట్టుంది. నీ డీజిలు వైద్యం మీద నాకు నమ్మకం పోయింది.

కారు మాట్లాడతానని రాసేవు. నా పెళ్లాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి నా బావమరిది కారు పంపాలా? బావమరిది బతకగోరతాడంటారు. నువ్వు నా బతుకు కోరుతున్నావో, నా పరువు కోరుతున్నావో నాకు తెలియడం లేదు.

మీ అక్క బాగానే ఉంది. మొన్న గురువారం ఆటో గోతిలో పడి, చెయ్యి రాడ్డుకి తగిలింది. కొంచెం వాచింది. కొబ్బరినూనె రాయించేను. తగ్గుతుంది. ఆ కుట్టిన చోట చెయ్యి వేస్తే లోపల ఇంజను నడుస్తున్నట్టు గుర్రుమంటుంది, నీకు తెలుసా? నా చెవులు పనిచెయ్యకపోయినా అరచేతికి తెలుస్తుంది. రాత్రిళ్లు అది నిద్రపోయాక వేలు ఆనించి చూస్తుంటాను. నడుస్తూనే ఉంది.

ఇక్కడ వానలు మొదలయ్యేయి. బండి మీద టార్పాలిన్ కప్పేను. మీ రొయ్యలకి వాన మంచిదో చెడ్డో నాకు తెలియదు.

ఇంకేదైనా తెలిస్తే రాయి. పక్కలు మాత్రం చెప్పకు.

ముత్యాలరాజు

◆

కావలి,
22-7-2025

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజే అక్కతో మాట్లాడేను. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లు ఊరుకున్నాను. మీకు కోపం వచ్చినా రాయక తప్పడం లేదు.

బ్రేకు మీద మనిషిని కూర్చోపెట్టమని రాసేను. మనిషంటే చంటినో, వీరాయమ్మగారి అబ్బాయినో అనుకున్నాను బావగారూ. అక్కని కూర్చోపెట్టేరట! రక్తం కడిగించుకుని వచ్చిన మర్నాడు, ఎండలో, కాలు బిగబట్టి బ్రేకు తొక్కమన్నారట. 'నువ్వు లెగకు, నేను లాగుతున్నాను' అని అరుస్తుంటే కళ్లు తిరుగుతున్నా అలాగే కూర్చుందట. ఇంకెవరి చేత తొక్కించినా నలుగురికీ తెలుస్తుందనే కదండీ మీ బాధ?

ఇంకోటి. మీరు కుడికి తిప్పుతున్నారట. ఆవిడ అద్దంలోంచి చూసి 'తమ్ముడు ఎడమ కదండీ రాసింది' అంటే, 'నువ్వు బ్రేకు తొక్కు, ఇంజను నాకు వదిలెయ్' అన్నారట. బావగారూ, ఆ గొట్టం వేసి మీరు బోల్టు విప్పడం లేదండి, బిగిస్తున్నారు. అందుకే గట్టిపడింది. అలాగే చేస్తే బోల్టు తల తెగిపోతుంది. అప్పుడు ఇంజను మొత్తం దింపాలి.

చెయ్యికి కొబ్బరినూనె రాయడమేంటండి? వెంటనే ఆ డాక్టరు గారికి చూపించండి. ఆ నరం మూసుకుపోతే ఇంకో చోట కోసి కుట్టాలి. అక్క ఒంట్లో దానికి సత్తువ లేదు.

ఈ ఉత్తరంతో పాటే బస్సు పార్సిలు పంపుతున్నాను, రాజోలులో తీసుకోండి. పుల్లరూ, ఆయిలు సీలూ పెట్టేను. అడుగున కాగితం చుట్టి అక్కకి చీర పెట్టేను. శ్రావణమాసం వస్తోంది కదా, ఏటా నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి, ఈ ఏడు రావడానికి కుదరలేదు. మన బండార్లంక చీరేనండి, ఇక్కడ ఒకాయన కొట్లో కనపడితే తీసేను. పసుపూ కుంకుమా చిన్న డబ్బాలో ఉన్నాయి. వరలక్ష్మీ పూజ నాడు కట్టుకోమనండి.

ఎడం పక్కకండి. దండం పెడతాను.

మీ బావమరిది,
కొండబాబు

◆

దిండి,
25-7-2025

కొండబాబూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు గానీ పార్సిలు మాత్రం వచ్చింది. బస్సు కుర్రాడు మీ అక్కకి ఫోను చేసి చెబితే సైకిలు మీద రాజోలు వెళ్లేను. చేత్తో ఎత్తగానే తెలిసింది ఇనుమని. పైన నీ మోటార్ల రిపేరు షెడ్డు పేరు రాసి ఉంది. సామాను పంపేవు. బోల్టు ఊడకముందే పుల్లరు పంపేవంటే, ఈ ముసలాడికి చేత కాదు, సామానైనా ఇద్దామని కదా.

కౌంటరు దగ్గర చంటిగాడు నిలబడి ఉన్నాడు. 'కొండబాబు గారు పంపేరాండీ? మంచి పుల్లరై ఉంటుందండి' అని పళ్లికిలించేడు. పార్సిలు విప్పనన్నా విప్పలేదు. ఉన్నది ఉన్నట్టు అదే బస్సుకి వెనక్కి కట్టించేను. ఈపాటికి నీకు చేరుంటుంది.

నేను ఎవరి సామానుతోనూ బతకలేదు. మీ నాన్న మీ అక్కని నాకిచ్చినప్పుడు నా దగ్గర ఒక పానా, ఒక సుత్తి ఉన్నాయి. వాటితోనే ఇల్లు కట్టేను.

ఇంటికొచ్చి పార్సిలు తిప్పి పంపేనని చెబితే మీ అక్క పొయ్యి ముందు కూర్చుండిపోయింది. పుల్లరు పోయిందని అంత బాధ దానికెందుకో! ఆ రోజు నుంచీ అన్నం వడ్డించి పక్క గదిలోకి పోతోంది. మీ వంశమంతా అంతే, నోటితో చెప్పరు.

బోల్టు సంగతి నాకూ దానికీ మధ్యన ఉంది. నువ్వు రాకు.

ముత్యాలరాజు

◆

కావలి,
3-8-2025

ముత్యాలరాజుగారికి,

బావగారూ అని రాయడానికి ఈ పూట చెయ్యి రావడం లేదు.

నేను రాసిన ఉత్తరం మీకు ఈపాటికి చేరే ఉంటుంది. చదివి ఉంటే మీరు తిప్పి పంపింది ఏంటో తెలిసే ఉంటుంది. పుల్లరు కాదండి. పుట్టింటి చీరా, పసుపూ కుంకుమా. శ్రావణమాసంలో ఆడపడుచుకి తమ్ముడు పంపిన పసుపు కుంకుమ గుమ్మం తొక్కకుండా వెనక్కి వచ్చేయి. పార్సిలు విప్పి దుర్గాశ్రీ గట్టిగా ఏడ్చింది. 'మీ అక్కకి పుట్టిల్లు చచ్చిపోయిందని చెప్పేరండి మీ బావగారు' అంది. మీకు తెలియక చేసేరని నాకు తెలుసు. కానీ విప్పి చూడ్డానికి ఎంతసేపండి?

ఆ చీర వస్తుందని అక్కకి నేను ముందే ఫోనులో చెప్పేను. రంగు కూడా చెప్పేను. ఆవిడ ఆ రోజు పొద్దున్నే తలంటుకుని, మీరు సైకిలెక్కిన దగ్గర్నుంచీ గుమ్మంలో కూర్చుందట. మీరు ఉత్త చేతుల్తో వచ్చేరు. 'వాడి పొగరు సామాను నాకెందుకు? వెనక్కి కొట్టేను' అన్నారట.

నేనేమీ అనననే అనుకున్నాను. కానీ నిన్న అక్క ఫోను చేసింది. చెయ్యిలో ఆ గుర్రు సన్నబడిందని నర్సమ్మ అందట. డాక్టరు గారు ఇంకోసారి దెబ్బ తగిలితే ఈ చెయ్యి పనికిరాదన్నారట. ఆ మాట మీతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అంటే, 'ఆయన వెంటనే వెళ్లి ఆ బోల్టు మీద పడతారు రా, నన్ను బ్రేకు తొక్కమంటారు' అంది.

ఆవిడే అడిగింది నన్ను వచ్చి తీసుకెళ్లమని. పెళ్లయ్యి ఇన్నేళ్లలో ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. శనివారం కారేసుకుని వస్తున్నాను. మీరు ఇంట్లో ఉండండి. ఎదురెదురుగా నాలుగు మాటలు అనుకుందాం. మీకు వినపడేలాగే అరుస్తాను.

కొండబాబు

◆

దిండి,
19-8-2025

కొండబాబుకి,

మగాడు లేనప్పుడు ఇంట్లో దూరి ఆడమనిషిని తీసుకుపోయేవాణ్ణి ఏమంటారో నీకు తెలుసు. నేను రాయను.

నువ్వు శనివారం వస్తావని నీ ఉత్తరంలో ఉంది. ఉంటే ఏం? నీ కోసం ఇంట్లో కూర్చోవాలా? ఉలి పదును పోతే రాజోలు వెళ్లేను. వచ్చేసరికి ఇల్లు తాళం. వీరాయమ్మ తాళంచెవి ఇచ్చి కళ్లు తుడుచుకుంది. లోపల అన్నం వండి మూత పెట్టి ఉంది.

దానికన్నా పెద్ద పని ఇంకోటి చేసేవు. టార్పాలిన్ తీసి, బోల్టు విప్పి, గుడ్డలో చుట్టి బానెట్టు మీద పెట్టి పోయేవు. అది చూడగానే నాకు పెళ్లాం పోయిన దాని కన్నా ఎక్కువ మండింది, దాచుకోకుండా రాస్తున్నాను. నేను ఉన్నంత కాలం రానిది, నేను గుమ్మం దాటగానే వచ్చిందని ఊరంతా అనుకోవాలనా?

ఆ బోల్టు తీసుకెళ్లి మళ్లీ బిగించేను. ఔను, బిగించేను. గొట్టం వేసి నా బలం కొద్దీ బిగించేను. బ్రేకు తొక్కడానికి ఎవరూ లేక పెడలుకీ సీటుకీ మధ్యన సరుగుడు కర్ర అడ్డం పెట్టేను. మర్నాడు నేనే విప్పేను. ఎడం పక్కకే వచ్చింది. నేను అబద్ధం రాయను.

పుల్లీని కొబ్బరికాయ వొలిచే గునపంతో ఎగదోసేను. అంచు ఒక చోట చిట్లింది. ఆకురాయి పెట్టి అరగదీసేను. సీలు మలికిపురంలో దొరికింది. అన్నీ ఎక్కించేను. నిన్న సాయంత్రం బండి స్టార్టయ్యింది. ఆయిలు చుక్క కారడం లేదు. చించినాడ వంతెన మీదుగా అవతలకి వెళ్లి తిరిగొచ్చేను. బెల్టు కొంచెం కూస్తోందిట, దారిలో ఒకడు చెయ్యెత్తి చెప్పేడు. నాకైతే వినపడదు.

ఇప్పుడు బండి ఉంది. సాకు లేదు. మీ అక్కని పంపు. లేదా నన్ను రమ్మను, వస్తాను. కావలైతే ఏం, కాశీ దాకా అయినా నడుస్తుంది.

ముత్యాలరాజు

◆

కావలి,
30-8-2025

బావగారికి నమస్కారాలు.

మీరు అన్నవన్నీ పడతాను. కొన్ని సంగతులు మాత్రం మీరు తప్పుగా అనుకున్నారు, అవి రాస్తాను.

మేం పొద్దున్నే వచ్చేం. మధ్యాహ్నం దాకా మీ అరుగు మీదే కూర్చున్నాం. మీరు రాలేదు. సాయంత్రానికి ఇక్కడ ఆసుపత్రిలో చూపించాలి, ఇక ఆగలేకపోయేం. దూరిన మాట లేదండి.

బోల్టు నేను విప్పలేదు. మీ బండి జోలికి నేను వెళ్లలేదు. నేను కోపంలో ఉన్నాను, దాని మొహం కూడా చూడలేదు. అక్కే వీరాయమ్మగారిని పంపి చంటిని పిలిపించింది. 'నేను పోయాక ఆయన ఒక్కరే ఈ ఎండలో దీంతో కుస్తీ పడతారు రా. విప్పి పెట్టి పో, ఎవరికీ చెప్పకు' అంది. అతను మంట పెట్టి ఎర్రగా కాల్చి, దెబ్బ వేసి విప్పేడు. బ్రేకు మీద నేను కూర్చోబోతే అక్క ఒప్పుకోలేదు. 'చివరిసారి నేనే తొక్కుతాను' అంది. ఆ బోల్టునే మీరు మళ్లీ బిగించేనని రాసేరు. ఆ ముక్క అక్కకి చదివి వినిపించలేదు. వినిపించలేను.

చెయ్యి నయమండి. గుర్రు మళ్లీ గట్టిగా ఉందన్నారు. తిండి తింటోంది. సాయంత్రం గట్టు మీద నడుస్తోంది.

మీ దగ్గరికి ఎందుకు వెళ్లనంటున్నావే అని ఒకరోజు గట్టిగానే అడిగేను. ఆవిడ అంది, 'బండి చెడిపోయినందుకు కాదు రా. ఆటోలో రాడ్డు తగిలి నేను కేకేస్తే, పట్టుకున్నది వీరాయమ్మ. ఆయన ఒక్కసారి నా పక్కన ఎక్కి కూర్చుంటే రాడ్డుకి ఆయన భుజం తగిలేది' అని. అంతే అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఐనా బావగారూ, మొన్న వినాయక చవితికి అక్క మనసు కొంచెం మెత్తబడింది. పత్రి తుంపుతూ, 'ఐనవిల్లి గుడికి తీసుకెళ్లేవారు రా ఏటా' అంది. నిన్న, 'దసరా వెళ్లేక దింపెయ్యరా నన్ను. ఆయనకి పులుసు కుదరదు' అంది. మీకు రాయమంది కూడా. అందుకే ఈ ఉత్తరం.

చేయవలసింది ఒకటే ఉంది. ఆసుపత్రిలో ఆవిడ బెడ్డు పోకుండా చూడండి. అక్కడ వరసలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. దసరా దాకా ఊరెళ్లిందని, తిరిగి వస్తుందని ఇంటి మనిషి వెళ్లి ఒక్క ముక్క చెబితే ఉంచుతారట. ఇక్కడ ఎప్పటికీ అంటే ఆవిడ ఉండలేదు. ఈ నీళ్లు పడడం లేదు, మాట పడడం లేదు, పొద్దుగూకులూ గోదావరనే అంటుంది.

మీ ఉత్తరం కోసం ఇద్దరం చూస్తుంటాం. ఈసారి తొందరగా రాయండి.

కొండబాబు

◆

దిండి,
12-9-2025

కొండబాబుకి,

నీ ఉత్తరం చదవడానికి నాకు పూట పట్టింది. చదివేక లేవడానికి ఇంకో పూట పట్టింది.

మీ అక్క బెడ్డు లేదు. ఇంకొకరికి ఇచ్చేసేరు. వాళ్ల తప్పు కాదు. నేను చెప్పిన మాట మీద ఇచ్చేరు.

బండి బాగయ్యేక సోమవారం వచ్చింది. పొద్దున్నే తుడిచి అమలాపురం వెళ్లేను. ఎందుకు వెళ్లేవని అడక్కు. ఆసుపత్రి గేటు దగ్గర ఎప్పుడూ ఆపే చోటే ఆపుకుని కూర్చున్నాను. రక్తం కడిగే గదిలో నర్సమ్మ జాయ్ అని ఉంది, మీ అక్కకి బాగా తెలుసు. నన్ను చూసి బయటికొచ్చింది. నాకు వినపడదని తెలుసు కనక చెవి దగ్గర గట్టిగా అడిగింది. 'తాతగారూ, మామ్మగారు రెండు వారాల నుంచి రావట్లేదు, ఫోనూ కలవట్లేదు, ఏమయ్యిందండీ?' అని. గేటు ముందు రాజోలు ఆటోలన్నీ ఉన్నాయి. డ్రైవర్లు అందరూ ఇటు తిరిగేరు. మీ అక్కని ఇన్నాళ్లూ ఎక్కించుకున్నవాళ్లే.

వాళ్ల ముందు ఏం చెప్పను? నా దగ్గర ఉండనని తమ్ముడితో వెళ్లిపోయిందని చెప్పనా?

చచ్చిపోయిందని చెప్పేను.

ఆ మాటే అన్నాను. గట్టిగానే అన్నాను, నా గొంతు నాకు తెలియదు కదా. ఆటోవాళ్లలో ఒకడు తలపాగా తీసేసేడు. జాయ్ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. 'ఎంత మంచావిడండీ, సూది గుచ్చినా అమ్మా అనేది కాదండీ' అంది. బల్ల మీద కూర్చోపెట్టి టీ తెప్పించింది. తాగేను. లోపలికెళ్లి మీ అక్క పేరు కొట్టేసి వచ్చింది.

అప్పుడు అది తిరిగి వస్తానంటుందని నాకు తెలియదు. రాదనుకున్నాను. రానిదాన్ని రానిదనుకుంటే తప్పేముందని అనుకున్నాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు మళ్లీ వెళ్లేను. బతికే ఉందని చెబుదామనే వెళ్లేను. జాయ్ కనపడలేదు. నేనే తలుపు దాకా వెళ్లి చూసేను. కిటికీ పక్కన మీ అక్క బెడ్డు మీద ముమ్మిడివరం ఆవిడ ఉంది. నీ వయసుంటుంది. చేతికి సూదులు గుచ్చి ఉన్నాయి, గొట్టాల్లో ఎర్రగా తిరుగుతోంది. పక్కన వాళ్లాయన స్టూలు మీద కూర్చుని ఆ చెయ్యి కదలకుండా పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, 'ఎవరి కోసమండీ పెద్దాయనా?' అన్నాడేమో, పెదాలు అలా కదిలేయి. ఎవరూ లేరని చెయ్యూపి వచ్చేసేను. వాళ్లని లెగమని ఎలా చెప్పను? ఇంకో బెడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుందో, అది ఎలా ఖాళీ అవుతుందో మనిద్దరికీ తెలుసు.

చచ్చిపోయిందన్న మాట ఆటోలెక్కి ఊళ్లోకి కూడా వచ్చింది. వీరాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తుకొచ్చింది. దానికి మాత్రం నిజం చెప్పేను. నా మొహాన నీళ్లు చల్లినట్టు ఒక చూపు చూసి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మా ఇంటి వైపు రావడం లేదు. చంటిగాడు సెంటర్లో ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు.

మీ అక్కకి ఏం చెబుతావో నీ ఇష్టం. బెడ్డు ఎందుకు పోయిందని అడుగుతుంది. నిజమే చెప్పు. నా కోసం అబద్ధమాడితే ఊరుకోను.

దాని బట్టలు, మందుల సంచి, ఇత్తడి బిందె, దేవుడి పటాలు అన్నీ మూట కట్టేను. చేపల లారీ ఏదైనా ఇటు వస్తే చెప్పు, ఎక్కిస్తాను.

నువ్వు రావద్దు.

ముత్యాలరాజు